పార్కింగ్ అంకుల్ పొత్తు

మా గుడికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఆంజనేయప్రసాద్ గారి పేరు తెలియదు. పార్కింగ్ అంకుల్ అంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. నిమ్మపండు రంగు సేఫ్టీ వెస్ట్ వేసుకుని, ఎండనీ వాననీ లెక్కచేయకుండా, "రండి రండి, కొంచెం లెఫ్ట్, చాలు చాలు, డోర్ తీసేటప్పుడు పక్క కారు చూసుకోండి" అంటూ శనివారం పొద్దున్నంతా నిలబడతారు. అరవై ఆరేళ్ళు. తెనాలి కరెంటాఫీసులో కొన్నాళ్ళు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా తెనాలిలో మూడు ఎలక్షన్లకి బూత్ ఏజెంటుగా కూర్చున్నారట. ఆ కబుర్లు మొదలుపెడితే మాత్రం మనం పారిపోవాల్సిందే.

మాది అమెరికాలో, క్యారీ పక్కన చిన్న ఊరు. రోడ్డుకి ఇటు మా గుడి, అటు మసీదు. మధ్యలో నాలుగు లేన్లు. స్పీడు బోర్డు మీద నలభై ఐదు మైళ్ళని ఉంటుంది, జనం అరవైలో పోతారు. సిగ్నల్ లేదు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ పార్కింగ్ లాట్ నిండిపోతే కార్లు మా లాట్‌లో పెట్టుకుని రోడ్డు దాటి నమాజుకి వెళ్తారు. మా ఉత్సవాలప్పుడు వాళ్ళ లాట్‌లో పెట్టుకుని మేం ఇటు దాటతాం. పదేళ్ళుగా ఇదే పద్ధతి. కాగితం లేదు, సంతకం లేదు. ఇటువైపు అంకుల్, అటువైపు నిజామాబాద్ నుంచి వచ్చిన నయీముద్దీన్ గారు. అంతే అగ్రిమెంటు.

రెండేళ్ళ కిందట దసరాల్లో అంకుల్ భార్య కృష్ణకుమారి ఆంటీని ఆ రోడ్డు మీదే కారు కొట్టేసింది. తుంటి ఎముక విరిగింది. వాళ్ళ టౌన్‌హౌస్ మసీదు పక్కనే. గుడికి నడిచి వెళ్ళొచ్చని ఆవిడ పట్టుబట్టి కొనిపించిన ఇల్లు. వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక కూడా ఆవిడ గుడికి రాలేదు. కారులో తీసుకెళ్తానంటే ఒప్పుకోరు. "నడిచి వెళ్ళడానికి కొన్న ఇల్లు. ఎదురుగా కనిపించే గుడికి కారెక్కి వెళ్ళాలా? నాకేం ఖర్మ?" అంటారు. "సిగ్నల్ వేయించి, నేనే నడిపించుకుని తీసుకెళ్తా" అని అంకుల్ మాటిచ్చారు.

మాటివ్వడం తేలిక. టౌన్ కౌన్సిల్‌కి రెండుసార్లు అర్జీ పెడితే, స్టడీ చేస్తామన్నారు. అప్పుడు లేచింది అంకుల్‌లో తెనాలి బూత్ ఏజెంటు. గుడి వాళ్ళ ఓట్లు కొన్ని, మసీదు వాళ్ళవి కొన్ని, పై మలుపులో ఉన్న నల్లవాళ్ళ చర్చివి కొన్ని. విడివిడిగా ఎవరికీ పట్టవు. కలిపితే మా చిన్న ఊళ్ళో కౌన్సిల్ సీటు గెలవొచ్చు. చర్చి నుంచి మిస్ డెలోరిస్ నిలబడింది. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపిన మనిషి, ఆ రోడ్డు గురించి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. గెలిస్తే మొదటి పని సిగ్నల్ అంది. చర్చి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెడితే మా పులిహోర, వాళ్ళ కార్న్‌బ్రెడ్, నయీముద్దీన్ గారింటి ఖుబానీ కా మీఠా ఒకే టేబుల్ మీద కూర్చున్నాయి. నేను వేళాకోళం చేశాను, "ఏంటంకుల్, ఈ ముగ్గురికీ ఎలా కుదిరింది?" అని.

"పొత్తంటే పెళ్ళి కాదు విజయశ్రీ, అన్నీ కుదరక్కర్లేదు. ఒక్క పని కుదిరితే చాలు" అన్నారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. నేను గుడి కమిటీ సెక్రటరీని. మా వాట్సాప్ గ్రూపులో రెండు వందల పైచిలుకు జనం. ఎలక్షన్‌కి ఆరు రోజుల ముందు, బుధవారం, ఇండియా నుంచి మా కజిన్ ఒక వీడియో పంపాడు. ఏదో ఊళ్ళో గుడి స్థలాన్ని మసీదు వాళ్ళు ముందు పార్కింగ్‌కని అడిగి, తర్వాత ఆక్రమించుకున్నారట. వెనక గుండెలదిరే మ్యూజిక్. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ ఊరు, ఎప్పటిది, నిజమా కాదా, ఒక్క ముక్క అడగలేదు. లంచ్ బ్రేక్‌లో బాక్స్ మూత కూడా తీయకముందే, "మనం కూడా ఆలోచించుకోవాలి" అని రాసి, కింద రెండు దండం బొమ్మలు పెట్టి గ్రూపులో పడేశాను. సాయంత్రానికి గ్రూపు తగలబడిపోయింది. తర్వాత తెలిసింది, అటు మసీదు గ్రూపులోనూ అదే భాగవతమట. ఇంకో దేశం నుంచి ఇంకో వీడియో, ఈసారి విలన్లం మేం. ఈ దేశానికి విదేశం ఏదంటే మేమంతా వదిలి వచ్చిన దేశాలే. అక్కడ ఎవడో తుమ్మితే ఇక్కడ మా పార్కింగ్ లాట్‌కి జలుబు.

గురువారం జూమ్‌లో కమిటీ మీటింగ్. ప్రెసిడెంట్ శ్రీధర్ గారు లాట్‌కి గొలుసు వేద్దామన్నారు. మా ఇన్సూరెన్స్, మా స్థలం, మా భద్రత, అంటూ ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. నేనూ అందుకున్నాను. మీటింగ్‌లో కమిటీ వాళ్ళం పదకొండు మందిమి. అంకుల్ అంతసేపూ మ్యూట్‌లో ఉండి, చివర్లో మైక్ ఆన్ చేశారు.

"ఒక్క ప్రశ్న. మంగళవారం ఈ ఊళ్ళో ఓటు వేసేవాళ్ళు చేతులెత్తండి."

స్క్రీన్ మీద రెండు చేతులు లేచాయి. ఒకటి అంకుల్‌ది. మిగతావాళ్ళం వీసాల మీదో, గ్రీన్‌కార్డుల మీదో ఉన్నవాళ్ళం. నాది పన్నెండేళ్ళుగా హెచ్ వన్ వీసా. అక్కడికి వెళ్ళి ఓటేసేది లేదు, ఇక్కడ ఓటు లేదు, రెండు చోట్లా నోరు మాత్రం ఉంది.

"ఓటున్నవాళ్ళం ఇద్దరం. మాకు గొలుసు వద్దు" అన్నారు అంకుల్.

"అక్కడ మన దేశంలో అలాంటివి జరుగుతుంటే, మీరిక్కడ వాళ్ళతో పొత్తా? మీకసలు దేశం అంటే అభిమానం ఉందా?" అన్నారు శ్రీధర్ గారు. అంకుల్ మైక్ ఆపేశారు. ఓటింగ్‌లో తొమ్మిది, రెండు. ఆ తొమ్మిదిలో నేనొకదాన్ని. గొలుసు ఆర్డర్ చేసింది కూడా నేనే.

శుక్రవారం గొలుసు పడింది. మసీదుకి వచ్చిన కార్లు మా గేటు దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగాయి. అంకుల్ వెస్ట్ వేసుకుని గొలుసు బయట నిలబడి, ఒక్కొక్క కారు దగ్గరికీ వెళ్ళి సారీ చెప్పారట. కొందరు అద్దం దించనే లేదట. మంగళవారం నయీముద్దీన్ గారు ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకున్నా, వాళ్ళలో చాలామంది ఓటుకి రాలేదు. మిస్ డెలోరిస్ ముప్ఫై ఒక్క ఓట్లతో ఓడిపోయింది.

ముప్ఫై ఒకటి! మా గుడి ప్రసాదం లైన్లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఆ శనివారం పార్కింగ్‌లో అంకుల్ లేరు. కార్లు అడ్డదిడ్డంగా పెట్టి జనం హారన్లు కొట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో నాకా రోజు తెలిసింది. మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అంకుల్ పైన పడుకున్నారు, జ్వరమట. ఆంటీ తలుపు తీసి కాఫీ ఇచ్చారు. సారీ చెప్పబోతే వారించి, టీవీ కింద సొరుగు లాగి ఓ పాస్‌పోర్టు నా చేతిలో పెట్టారు. ఇండియన్ పాస్‌పోర్టు. మీద క్యాన్సిల్డ్ అని ముద్ర.

"ఇరవై ఏళ్ళు గ్రీన్‌కార్డు మీదే ఉన్నాడు మనిషి. సిటిజన్‌షిప్ తీసుకోమని అందరూ పోరారు. చచ్చినా నా పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు. ఆగస్టు పదిహేనుకి ఇప్పటికీ జెండా పెట్టుకుంటాడు, చూశావుగా. నాకు కాలు విరిగాక, ఓటు లేకపోతే సిగ్నల్ రాదని సిటిజన్‌షిప్ తీసుకుని, దీన్ని సరెండర్ చేసి ఈ ముద్ర కొట్టించుకొచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. ఆ ఒక్క ఓటు కోసమేనే తల్లీ, అదంతా."

అలాంటి మనిషిని దేశాభిమానం ఉందా అని అడిగారు, నేను వింటూ కూర్చున్నాను. ఆయన పాస్‌పోర్టు ఇచ్చి తెచ్చుకున్న ఓటుని, లంచ్ బాక్స్ మూత తీసేలోపు బొటనవేలితో చెరిపేశాను. ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

మెట్లు దిగి వస్తూ అంకుల్ చూశారు. శాలువా కప్పుకుని ఉన్నారు. "ఏంటమ్మా ఇది, ఓడిపోవడం మాకు కొత్తా? తెనాలిలో మూడుసార్లు కూర్చున్నా, మూడుసార్లూ ఓడిపోయాం. రెండేళ్ళకి మళ్ళీ ఎలక్షన్ వస్తుంది" అన్నారు.

"రెండేళ్ళా!" అని ఆంటీ గయ్యిమన్నారు. "నాకు డెబ్బై దగ్గరపడుతుంటే ఇంకా రెండేళ్ళు ఆగమంటావా? నీ సిగ్నలూ వద్దు, నీ పొత్తూ వద్దు. వచ్చే శుక్రవారం నేను దాటతాను. ఎవరు ఆపుతారో ఆపండి ఆ కార్లని."

ఆ వారమంతా గ్రూపులో నాకు తిట్లే. ఆ వీడియో పంపడం నా తప్పని రాశాను, గొలుసుకి ఓటేసినందుకు సిగ్గుపడుతున్నానని రాశాను. సెక్రటరీ పదవి పోతే పోనీ అనుకున్నాను. గురువారం సాయంత్రం గొలుసు నేనే విప్పేశాను. శ్రీధర్ గారు చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాను. అంకుల్ నాకో వెస్ట్ ఇచ్చారు. "నీకు ఓటు లేకపోతేనేం, చేతులు రెండున్నాయిగా" అన్నారు. ఒంటిగంటకి మా లాట్ ఖాళీ. ఒంటిగంటంబావు, ఖాళీ. ఎవరూ రారేమో అనుకున్నాను. ఇంతలో ఒక తెల్ల వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగింది. నయీముద్దీన్ గారు. వ్యాన్ పెట్టుకోవడానికి ఆయనకి మసీదులో చోటుంది, అయినా ఇటు వచ్చారు. అద్దం దించి, "యాడ పెట్టమంటరు మేడమ్?" అన్నారు బొంగురు గొంతుతో. సెక్రటరీ అని బోర్డున్న నా ప్లేసు చూపించాను. ఆయన వెనక నాలుగు కార్లు వచ్చాయి. నాలుగే.

తర్వాత ముగ్గురం రోడ్డు దగ్గరికి నడిచాం. అటువైపు వాకర్‌తో నిలబడ్డ ఆంటీ కోసం అంకుల్ ముందు దాటి వెళ్ళారు. ఇటు రెండు లేన్లకి నేను, అటు రెండింటికి నయీముద్దీన్ గారు చేతులు చాపి నిలబడ్డాం. ఒకడు హారన్ కొట్టాడు. ఇంకొకడు అద్దం దించి ఏదో తిట్టాడు. అయినా కార్లు ఆగాయి. అంకుల్ భుజం పట్టుకుని నడిపిస్తుంటే, వాకర్ ముందుకి నెట్టుకుంటూ, ఆంటీ అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. మధ్యలో ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకున్నారు. రెండేళ్ళ తర్వాత ఆవిడ ఇటువైపు గడ్డి మీద కాలు పెట్టారు. అంకుల్ వెస్ట్ అంచుతో కళ్ళు తుడుచుకున్నారు.

దర్శనం అయ్యాక ఆంటీ గుడి మెట్ల మీద కూర్చుని తీర్థం చేతిని తలకి రాసుకున్నారు. నమాజు ముగించుకుని నయీముద్దీన్ గారు వ్యాన్ కోసం వచ్చారు. ఆంటీ మా ముగ్గురినీ, ఎదురుగా రయ్యిమని పోతున్న కార్లనీ మార్చి మార్చి చూశారు.

"సరే, వచ్చాను. ఇప్పుడు ఇంటికెలా వెళ్ళాలి?" అన్నారు.

వెస్ట్‌లు మళ్ళీ తొడుక్కున్నాం.