కుంటాల నీళ్ల ముందు అంతమ్మ

మొయినాబాద్‌లో విమలమ్మది చిన్న ఫోటో స్టూడియో. భర్త రాజేశ్వర్ పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఆమే నడుపుకొస్తోంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలే ఎక్కువ. ఎవరైనా ముచ్చటపడితే జలపాతం బొమ్మ ఉన్న తెర ముందు నిలబెట్టి తీసేది.

ఒకరోజు పక్కనున్న హిమాయత్‌నగర్ అనే పల్లె నుంచి అంతమ్మ వచ్చింది. కలుపు తీసి బతికే కూలి మనిషి. పింఛను కాగితాలకు ఫోటో దిగి, పోకుండా ఆ తెర వైపే చూస్తూ నిలబడింది.

"గిసొంటి నీళ్లు నిజంగ ఉన్నయా అమ్మా?"

"ఉన్నయి. కుంటాల కాడ."

"నువ్వు చూసినవా?"

విమలమ్మ తెర వైపు తిరిగింది. ఈ పదకొండేళ్లలో ఎంతమందినో ఆ బొమ్మ ముందు నిలబెట్టింది. తాను మాత్రం గండిపేట చెరువు దాటి ఏ నీళ్లూ చూడలేదు. సిగ్గు కన్నా ఆమెకు తన మీద తనకే కోపం ఎక్కువ వచ్చింది.

"పోదాం పా. నీ ఫోటో ఆడ్నే తీస్త," అంది.

కొడుకు సాయిదీప్ గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాడు. వినగానే ఎగిరిపడ్డాడు. "ఈ వయసుల గుట్టలెక్కుడు ఏందమ్మా? మూడు రోజులు షట్టర్ దించుతవా?"

"షట్టర్ నాది, మోకాళ్లు నావి. నీకేం ఫికర్?"

విమలమ్మ, అంతమ్మ ఆర్టీసీ బస్సెక్కి నేరడిగొండలో దిగారు. అక్కడి నుంచి ఆటో. తర్వాత వందల మెట్లు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. కింద ఒక పెళ్లిజంట ఫోటోలు దిగుతోంది. గొడుగులు, లైట్లు, నలుగురు కుర్రాళ్లు. అంతమ్మ బండ మీదికి చేరగానే వాళ్ల కెమెరామన్ కేకేశాడు.

"అవ్వా, జర పక్కకు జరుగున్రి! మా ఫ్రేమ్‌ల వస్తున్నరు!"

అంతమ్మ బెదిరిపోయింది. "పోదాం పా అమ్మా, మనకెందుకు లొల్లి."

"నువ్వు కదలకు," అని విమలమ్మ అతని వైపు తిరిగింది. "మా ఫ్రేమ్‌ల మీరొస్తున్నరు బిడ్డా. గొడుగు తియ్యున్రి. పది నిమిషాలు మావి, తర్వాత మీవి."

అతను ఏదో అనబోయాడు. పెళ్లికూతురే నవ్వి గొడుగు పక్కకు జరిపించింది.

అంతమ్మ కొంగు నడుముకు బిగించింది. వంగిన నడుమును వీలైనంత నిటారు చేసి, నవ్వకుండా సూటిగా చూసింది. ఆమె వెనక గోదారంతా ఒక్కసారే దూకినట్టు నీళ్లు. లెన్స్ మీద తుంపర తుడుచుకుంటూ విమలమ్మ తీస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక స్టూడియో ముందరి అద్దాల పెట్టెలో ఎప్పటి నుంచో ఉన్న ఒక పెళ్లికూతురి ఫోటో తీసేసి, అంతమ్మది నిలువెత్తున పెట్టింది.

"కూలామె ఫోటో చూసి పెళ్లోళ్లు వస్తరా?" అన్నాడు సాయిదీప్.

"రాకుంటే రాకపోనీ."

నిజంగానే శంకర్‌పల్లి పెళ్లి ఫోటోల పని ఒకటి చేజారింది. అయినా విమలమ్మ అంతమ్మ ఫోటోను అక్కడి నుంచి తీసెయ్యలేదు.

ఆ ఆదివారం అంతమ్మ తనతో కలుపు తీసే ఆరుగురిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లు ఆ అద్దాల పెట్టె ముందు గుమిగూడి చూశారు. అందరిలోకీ పెద్దామె లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. "నన్ను సముద్రం కాడ తియ్యాలె," అంది.

విమలమ్మ అప్పటికే అట్టముక్క మీద రాస్తోంది: 'రేపటి నుంచి ఐదు రోజులు దుకాణం బంద్.'