బురుజుకు తినిపించిన బెల్లం

మీరు నవ్వుతారని తెలిసే చెప్తా ఉండా. ఒక పాతకాలం బురుజునీ, నా పెళ్లినీ ఒకే పూట కూలగొట్టుకోబోయిన ఘనుడు మా బోగోలు చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

మా మేనమామ రమణయ్య పొలంలో, సముద్రానికి ఎదురుగా ఒక రాతి బురుజు ఉండాది. వాకిలి నేల మీద ఉండదు, మనిషెత్తు పైనుంటుంది. పూర్వం పడవల్లో దోపిడీగాళ్ళొస్తే ఆడోళ్ళనీ బిడ్డల్నీ వడ్ల బస్తాల్నీ పైకెక్కించి, నిచ్చెన లోపలికి లాగేసుకునేవాళ్ళంట. కట్టించింది మామ ముత్తాతలు. ఆ సంగతి ఆయన అన్నం తింటా కూడా చెప్తాడు. మొన్నామధ్య తుఫానుకు దాని పూతంతా రాలిపోతే, బాగు చేయించడానికి పూనుకున్నాడు.

నాకేమో ఆయన కూతురు సుజాత మీద మనసు. ఆ పిల్లకూ ఇష్టమే. మామ మాత్రం నన్ను ఎగాదిగా చూసినాడు.

"డిగ్రీ ఉంటే సరిపోద్దా అల్లుడూ? బురుజు పూత పని నువ్వు చూడు. అది నిలబడితే పిల్లనిస్తా. సిమెంటు తెచ్చినావంటే చేతులిరగ్గొడతా! మా పెద్దోళ్ళ మాదిరే గానుగలో నూరిన సున్నం, ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, రవ్వంత బెల్లం. గట్టిగా పట్టాలంటే బెల్లముండాల."

చెప్పేసి, పెద్ద కూతురి కానుపని కావలి టౌనుకు పోయినాడు.

గట్టిగా పట్టాలంటే బెల్లం. నా బుర్రలో ఆ ముక్కే మిగిలింది. రవ్వంతకే అంత గట్టిదనం వస్తే, దండిగా వేస్తే ఇంకెంత రావాల? నా తెలివికి నేనే మురిసిపోయినా. కావాలంటే మీరూ మురిసిపోండి, తర్వాత కుదరదు.

"చాలన్నా, పాకం మాదిరి అయిపోయింది," అన్నాడు సున్నంలో బెల్లం కలపతా ఉన్న మేస్త్రి.

"పొయ్యి మేస్త్రీ, పొయ్యి! పెళ్లిచేసే బురుజు. దీని దగ్గర పిసినారితనమా?"

"నాదేం పోయింది! పూత పూయమంటే పూస్తా, బూరెలొండమంటే వండతా."

పూత అద్దంలాగా మెరిసింది. ఎన్నాళ్ళైనా ఆరకపోతే, సముద్రం గాలి కదా అని సర్దిచెప్పుకున్నా. మామ తిరిగొచ్చే రోజుకు చుట్టాలందర్నీ భోజనాలకు పిలిచినా. అందరికంటే ముందొచ్చినవి చీమలు.

మామ తెల్ల పంచెలో దిగినాడు. దిగతానే ఆగిపోయినాడు.

"ఏందిరా, ఆ బర్రె బురుజును నాకతా ఉండాది?"

"ముద్దుపెట్టుకుంటా ఉంది మామా. అంత బాగా కుదిరింది."

"ఆ నల్ల గీతలేంది?"

"డిజైను మామా."

"డిజైను కదలతా ఉండాదే?"

నేను నోరు తెరిచేలోపు, అదృష్టం, ఎవరో ముత్తాతల కథ అడిగినారు. మామ గీతల సంగతి మర్చిపోయి మొదలుపెట్టినాడు. దోపిడీగాళ్ళు ఒడ్డుకు చేరిన చోట, ఊపులో చెయ్యి గోడకు ఆనించినాడు. కథలో దోపిడీగాళ్ళు వెనక్కి పోయినారు గానీ మామ చెయ్యి వెనక్కి రాలేదు. గట్టిగా లాగినాడు. చేత్తో పాటు గోడ పూతంతా తడి దుప్పటి జారినట్టు జారి ఆయన భుజాల మీద పడింది. చీమలు పంచెలో దూరినాయి. ఇంక చూడండి, ఆయన వేసిన చిందులు! చుట్టాలందరూ వీడియో తీసేదానికి ఫోన్లెత్తినారు.

"ఏం కలిపినావురా దీంట్లో?"

"బెల్లం మామా."

"ఎంత?"

"అంగట్లో ఉన్నదంతా."

నాకు భయమేసింది, ఏడుపు కూడా వచ్చింది. పిల్ల చేజారిపోయిందనే అనుకున్నా. సుజాత వైపు చూస్తే, ఆ మహాతల్లి పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వతా ఉండాది. మామ కూతుర్ని చూసినాడు, నన్ను చూసినాడు, చెవిలో చీమను దులుపుకున్నాడు.

"రాతిగోడకే ఇంత బెల్లం తినిపించినోడు, నా బిడ్డను పస్తులైతే పెట్టడు. పిల్లనిస్తా పోరా! బురుజును మాత్రం ముట్టుకోబాక."

అక్కడికక్కడే, చుట్టాలూ చీమలూ చూస్తా ఉండగా, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసినా. ఈ జన్మలో సున్నం ముట్టనని! మాట మీద నిలబడే మనిషిని. ఈరోజుకీ నా తమలపాకుకు సున్నం సుజాతే రాస్తుంది.