వదినగారి కనుబొమలు

1996 నవంబరు ఏడు, గురువారం, ఉదయం ఆరుంబావు. తుఫాను వెలిసింది. కూలిన వంటింటి కింద చిక్కుకున్న మా వదినగారి కోసం పెంకులు తీయడం మొదలుపెట్టాం.

ఆవిడ మా వారి అక్కగారు. ఉత్తర ధ్రువం దగ్గర ఇన్యూట్ల పల్లెలో పదకొండేళ్లు నర్సుగా చేసి వచ్చారు. అక్కడివాళ్లు ఔననడానికి కనుబొమలెత్తుతారు, కాదనడానికి ముక్కు ముడుస్తారు. ఆ అలవాటు ఆవిడకూ అంటింది. కాఫీ ఇమ్మంటారా అని అడిగినా అంతే.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అండీ?" అనేదాన్ని.

"మా ఊళ్లో ముత్యాలు కూడా గడ్డకట్టేస్తాయే అమ్మాయ్," అనేవారు.

పెంకుల కింద ముఖం కనిపించింది. కళ్లు మూసి ఉన్నాయి, నోటినిండా మట్టి.

"వదినగారూ, వినపడుతోందా అండీ?"

కనుబొమలు రెండూ పైకి లేచాయి.

"దెబ్బలేమైనా తగిలేయా?"

ముక్కు ముడిచారు. నేను ఆ బురదలోనే కూలబడి ఏడ్చాను.

మాకు పోయినవి: కొబ్బరిచెట్లు అరవై మూడు, పాడిగేదె ఒకటి, వంటిల్లు. మనుషులెవరూ పోలేదు.