పెత్రమాస పొద్దున మారిన గడి

దయ్యాలు, ఆత్మలు అంటే మొదటినుంచీ నాకు నవ్వే. మంచిర్యాలలో ఒక కాలేజీ లైబ్రరీ నడుపుతున్నాను. రుజువు లేని మాట చెప్పినవాళ్లను ఊరికే వదలను, అది నన్ను కన్న మా అవ్వనైనా సరే. అందుకే ఈ సంగతి రాయడానికి ఏడాది పట్టింది.

మా అమ్మమ్మవాళ్లది సిరిసిల్ల, నేతపని ఇల్లు. అవ్వకు పదేళ్లున్నప్పుడు వాళ్లన్న, అంటే నా మేనమామ నర్సయ్య, మా తాతతో గొడవపడి, మగ్గం మీద సగం నేసిన చీరను కత్తెరతో అడ్డంగా కోసి వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. నేతగాని ఇంట్లో అది చిన్న తప్పు కాదు. మళ్లీ మొహం చూపించలేదు. ఆ సగం చీరను మాత్రం అమ్మమ్మ సందుగలో దాచింది, తర్వాత అవ్వ దాచింది.

మామ కోసం నేను వెతకని చోటు లేదు. ఆన్‌లైన్‌లో ఓటర్ల జాబితాలు వార్డులవారీగా దొరుకుతాయి, ఓపిక ఉంటే చాలు. కుల సంఘాల పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారు. వలస వెళ్లినవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులున్నాయి. ఇవన్నీ మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భీవండి పేరుతోనే జల్లెడ పట్టాను. మావాళ్లు ఇల్లు విడిచారంటే భీవండికే పోతారని అందరి నమ్మకం, నాది కూడా. రుజువు అడిగే నేను దానికి రుజువు అడగలేదు!

దొరికిన పేర్లన్నీ ఒక వంశవృక్షం వెబ్‌సైటులో ఎక్కించాను. అది నేను తప్ప ఎవరూ మార్చలేని ఖాతా. పాస్‌వర్డ్ కూడా ఎవరికీ చెప్పలేదు.

మా దగ్గర పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు అయ్యగారికి బియ్యం ఇస్తూ చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాం. అవ్వ ఏటా తాత పేరు, అమ్మమ్మ పేరు చెప్పి ఆగిపోయేది. నిరుడు ముందురోజే చిన్నమ్మ వచ్చి కూర్చుంది.

"ఇంకెన్నేండ్లు చూస్తవక్కా? అన్న పేరు చెప్పకుంటే ఆయన ఆత్మ ఉపాసముంటది."

అవ్వ బియ్యం ఏరుతూనే ఉంది. నేనే తెలివి ప్రదర్శించాను. ఆ సాయంత్రం కంప్యూటర్ తెరిచి, మామ గడిలో "ఉన్నారు" తీసేసి "లేరు" అని పెట్టాను. అవ్వ వెనక నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె మొహం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లారి ఫోన్ ఛార్జింగులో, కంప్యూటర్ బీరువాలో పెట్టి, ఇంటికి తాళం వేసి ముగ్గురం గుడికి వెళ్లాం. ఇంట్లో ఉండేదే నేనూ అవ్వా. మూడో పేరు దగ్గర అవ్వ ఆగింది. అయ్యగారు రెండుసార్లు అడిగారు. చివరికి అన్నది: "చెప్పను అయ్యగారూ. నా తోడబుట్టినోన్ని నా నోటితోని సంపుకోను."

ఇంటికొచ్చి, అన్నం తినకముందే "ఉన్నారు" అని తిరిగి పెట్టేద్దామని సైటు తెరిచాను. అప్పటికే "ఉన్నారు" అని ఉంది. పక్కన కొత్త గడి. భార్య: శాంతాబాయి. ఊరు: బల్లార్షా.

మార్పుల పట్టికలో నా పేరే ఉంది. సమయం ఉదయం తొమ్మిది నలభై. చిన్నమ్మ తన ఫోన్‌లో తీసిన ఫొటోలో బియ్యం పళ్లెం నా రెండు చేతుల్లో ఉంది. దాని సమయం తొమ్మిది నలభై ఒకటి.

వెంటనే బల్లార్షా ఓటర్ల జాబితా దించాను. మరాఠీ అక్షరాలు కూడబలుక్కుంటూ రెండు రోజులు చదివాను. నర్సయ్య, తండ్రి పేరు మా తాతది, వయసు డెబ్బై రెండు. అదే ఇంటి నంబరు కింద శాంతాబాయి. లైబ్రరీలో కూర్చుని గట్టిగా కేక పెట్టాను. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు నా నెత్తిమీదే ఉంది.

ఆదివారం మంచిర్యాలలో రైలెక్కాం. రెండు గంటల ప్రయాణం! యాభై ఐదేళ్లు మేం ఏడ్చింది రెండు గంటల దూరంలో ఉన్న మనిషి కోసం.

తలుపు తీసిన ముసలాయన ఎవరని మరాఠీలో అడిగాడు: "కోణ్?" అవ్వ పేరు చెప్పలేదు, సంచిలోంచి సగం చీర తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కోసిన అంచు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమాడు.

"లచ్చీ... బాపు ఇంకా కోపంగున్నడా?"

"బాపు పోయి ఇరవై ఏండ్లాయె అన్నా. కోపం నువ్వు పోయిన్నాడే పోయింది."

ఇద్దరూ గడపలోనే కూలబడి ఏడ్చారు, నవ్వారు. శాంతాబాయి అత్త మాకు మంచినీళ్లు తెచ్చి, ఏమీ అర్థం కాక తనూ ఏడ్చింది. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క బటన్ల ఫోను. వాళ్ల కొడుకు లారీ నడుపుతాడు, ఆ సైటు పేరే వినలేదు. సైటువాళ్లకు రాస్తే, మార్పు మీ ఖాతాలోంచే జరిగిందని జవాబిచ్చారు.

రుజువులన్నీ నా దగ్గరున్నాయి. జవాబు మాత్రం లేదు. ఆ గడిని ఎవరు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు పెత్రమాసకు మామే రైలెక్కి వచ్చాడు. కొడుకుగా కూర్చుని, తన తండ్రి పేరు, తల్లి పేరు చెప్పి బియ్యం ఇచ్చాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అలవాటుగా అవ్వ వైపు చూశారు.

గుడంతా వినపడేటట్టు అవ్వ చెప్పింది: "లేరు అయ్యగారూ! మిగిలినోళ్లందరం ఉన్నం."