గోపమ్మ కట్టిన పులేషం

ముడిమ్యాల ఊర్ల గోపమ్మకు పుట్టిన మొదటి ఇద్దరు పిల్లలు పురుడు ఎల్లకముందే పోయిన్రు. మూడోసారి ఆమె కడుపుతో ఉన్నప్పుడు, పెనిమిటి అంతయ్య పీరీల పండుగనాడు పీరీలను నిలబెట్టే సావిడి ముందర చేతులు జోడించి మొక్కిండు.

"ఈ బిడ్డ నడిచేదాక బతికితే, పులేషం కట్టి, పులినై నీ ముందర ఆడుత సామీ" అన్నడు.

పుట్టింది ఆడపిల్ల. పీరు దయతోని పుట్టిందని పీరమ్మ అని పేరు పెట్టుకున్నరు. అంతయ్య పటేలు దగ్గర జీతం ఉండేటోడు. తెల్లారకముందే పోయి, పిల్ల పండుకునే యాళ్లకు వచ్చేటోడు. అందుకే బిడ్డ పాకుడు, గోడ పట్టుకొని నిలబడుడు అన్నీ గోపమ్మ నోటనే ఇన్నడు. ఒక్కటి మాత్రం తన కండ్లతోని చూసిండు. ఎడ్లకు జబ్బు చేసి నాగలి కట్టని ఒకరోజు ఆయన ఇంట్ల ఉంటే, పిల్ల గోడను ఇడిచిపెట్టి, రెండు చేతులు ముందుకు చాపి, తండ్రి మోకాళ్ల దాకా నడిచి వచ్చింది.

ఆ వానకాలమే ఊర్లకు గత్తర వచ్చింది. పీరమ్మ పొద్దున వాంతి చేసుకున్నది, మాపటికి లేదు.

ఆ ఏడు పండుగకు అంతయ్య పులేషం కట్టలేదు. కట్టుమని ఎవరూ అడగలేదు. పిల్ల పోయిన ఇంటికి పోయి మొక్కు సంగతి ఎవరు తీస్తరు? తర్వాత ఆయన జీతం మానుకొని, కనకమామిడి దిక్కు సడకు పడుతుంటే కంకర కొట్టే పనికి పోయిండు. రెండేండ్లు రాయి కొట్టిండు. తిరిగి వచ్చినప్పుడు వెంట తెచ్చింది దగ్గొక్కటే.

చేవెళ్ల దవాఖానల మందు సీసా ఇచ్చి, పాలు తాగుమన్నరు, గుడ్లు తినుమన్నరు. గోపమ్మ సీసా మందు తాగిచ్చింది, జొన్న అంబలి పోసింది. దగ్గు ఇంకింత లోపలికి దిగింది.

"ఇది పీరు కోపమే" అన్నడు అంతయ్య ఒకనాడు. "మొక్కి తీర్చలేదు. అందుకే రొమ్ము పట్టుకున్నడు."

గోపమ్మకు కోపం వచ్చింది. "ఏం మొక్కయ్యా? బిడ్డనే లేకపాయె. ఎవరి కోసం ఆడుతవ్?"

"నడిచిందా లేదా?"

ఆమె అంబలి గిన్నె తీసి పక్కకు పెట్టింది.

"నడిచింది గద. నేను చూసిన. నేనేం అడిగిన్నో అది ఇచ్చిండు. ఇగ నేనే ఇయ్యలేదు."

అప్పుడు రెండో పెద్దయుద్ధం నడుస్తున్నది. పీరీల పండుగ ఆ ఏడు చలికాలంల పడ్డది. పులేషం కట్టేటోళ్లు అంతకుముందు పట్నం పోయి పచ్చరంగు, నల్లరంగు, వార్నీషు తెచ్చుకునేటోళ్లు. నగిషీ చేసిన పులి తలకాయ కిరాయికి తెచ్చేటోళ్లు. ఇప్పుడు రంగు దొరుకుడే కష్టం, దొరికినా వీళ్లు కొనేటట్టు లేదు. బట్టకు కంట్రోలు, మనిషికింత అని కొలిచి ఇస్తున్నరు. గోపమ్మకు ఉన్నయే రెండు చీరెలు.

ఆమె పీరీలను ఎత్తే ఇమాం సాబు దగ్గరికి పోయింది. ఆయన ముసలాయన, నెమ్మదస్తుడు. సావిడి గోడకు సున్నం కొడుతున్నడు.

"సాబూ, మా ఆయన పులేషం కడుతనంటున్నడు. ఆయనకు పాణం బాగలేదు, ఆడలేడు. మీరు చెప్తే ఇంటడు."

ఇమాం సాబు ఆమె వెంటనే ఇంటికి వచ్చిండు. గడప బయట కూసొని, "అంతయ్యా, ఫికర్ చెయ్యకు బిడ్డా. పీరుకు దట్టి గుడ్డ కట్టు, ఇంత ఊదు పొగ వెయ్యి. మొక్కు ముట్టినట్టే. ఆయనకు నీ మనసు ఎరుకే" అన్నడు.

అంతయ్య లేచి కూసున్నడు. "పులినై ఆడుత అని నోటితోని అన్న సాబూ. దట్టి కడుత అనలేదు."

ఇమాం సాబు లేచిండు. పోయేముందు గోపమ్మ దిక్కు చూసి, "జర ఎచ్చగ ఉంచు" అన్నడు.

అట్ల గోపమ్మ పులిని తయారుచేసుడు మొదలుపెట్టింది. ఇష్టం లేకనే చేసింది, అయినా చేతికి వచ్చిన పని చెడగొట్టుడు ఆమెకు రాదు. గట్టు కింద పసుప్పచ్చ మన్ను తవ్వి తెచ్చి, నానబెట్టి, పలుచటి గుడ్డల వడగట్టింది. పటేలింట్ల పసుపు దంచే పనికి పోయి, కూలికి బదులు జల్లెడ మీద మిగిలిన మొరుము అడుక్కొచ్చింది. ఆ మొరుమును మళ్ల నూరి మన్నుల కలిపింది. ఒంటికి అంటుకొని ఉండాల్నని తుమ్మబంక నానేసి పోసింది. మొదట తన ముంజేతికి రాసుకొని చూసుకుంది. ఎండినంక పెచ్చులు లేచి రాలింది. ఇంకింత బంక పోసి మళ్ల చూసింది.

నలుపుకు కుండల అడుగున మసి గీకి ఆముదంల కలిపింది. గోగునారతోని తోక పేనింది. ఎండిన సొరబుర్రను కోసి చెవులు చేసింది. తొడల దాక ఏసుకునే చల్లడం కుట్టెతందుకు బట్ట లేదు. ఉన్న రెండు చీరెలల్ల పాతదాన్ని నడుమకు చింపింది.

పక్కింటి సారమ్మ అది చూసి ఉరికొచ్చింది. వాళ్లది కిరస్తానం ఇల్లు. పీరీలకు మొక్కరు. అయినా ఇద్దరూ ఒక్క బాయి కాడ నీళ్లు చేదుకుంట పెరిగినోళ్లు.

"వదినె, పిచ్చి లేసిందా? ఉతికి ఆరేసుకుంటే ఏం కట్టుకుంటవ్?"

"ఆరేదాక ఇంట్ల ఉంట."

"అన్న ఆడగలడా అసలు?"

"ఆడలేడు" అన్నది గోపమ్మ సూదిల దారం ఎక్కిస్తూ.

పండుగనాడు పొద్దెక్కినంక వాకిట్ల అంతయ్యను నిలబెట్టింది. మన్ను సల్లగ ఉన్నది. చెయ్యి ఆనంగనే ఆయన ఒళ్లంతా వణికింది. సారమ్మ చొప్పకట్ట తెచ్చి మంట పెట్టి, పోకుండ అక్కడ్నే కూసున్నది. గోపమ్మ ఈపుకు, రొమ్ముకు, చేతులకు రంగు పూసింది. వేపపుల్ల కొస నమిలి, మసిల ముంచి చారలు గీసుడు పెట్టింది. పక్కటెముకల కాడికి వచ్చినంక ఆమె చెయ్యి ఆగింది. చారలు ఎక్కడ గియ్యాల్నో ఆలోచన చెయ్యాల్సిన పనే లేకపోయింది. ఎముకల నడుమ గుంటలు పడి ఉన్నయ్. పుల్లను ఆ గుంటలెంబడి గుంజుకుంట పోతే సాలు. అన్నాళ్లూ ఆయనకు అంబలి పోసింది, పక్కన పండుకుంది, గాని ఇంతగనం చిక్కిపోయిండని ఆ పొద్దే చూసింది.

"మంచిగొస్తున్నదా?" అని అడిగిండు అంతయ్య.

"పులి లెక్కనే ఉన్నవ్" అన్నది.

సావిడి ముందట జనం మస్తుగ ఉన్నరు. డప్పు కొట్టే హన్మంతు అంతయ్యను చూసి ముందు గుర్తుపట్టలేదు, గుర్తుపట్టినంక దెబ్బ జోరు పెంచిండు. అంతయ్య ముందుకు వంగి, పంజాలు చాపి అడుగేసిండు. తోక ఊపిండు. చిన్నపిల్లలు కీకలేసుకుంట తల్లుల ఎనుకకు ఉరికిన్రు. సావిడి ముందటి నిప్పుల గుండం చుట్టూ సగం దాక బాగనే తిరిగిండు. అక్కడ దగ్గు అందుకుంది.

ఆపుకుందామని చూసిండు, ఆగలేదు. వంగి, రెండు చేతులు నేలకు ఆనించి దగ్గిండు. అది పులి గాండ్రింపనుకొని జనం ఈలలేసిన్రు. "ఇంకోసారి, ఇంకోసారి" అని అరిచిన్రు. హన్మంతు మంచి ఊపు మీద కొట్టిండు. గోపమ్మ జనాన్ని నూకుకుంట పోయేసరికి ఆయన పక్కకు ఒరిగి పడి ఉన్నడు. రొమ్ము మీది మన్ను పగిలి పెచ్చులు పెచ్చులుగ రాలుతున్నది. గడ్డం మీద నెత్తురు చూసినంకనే డప్పు ఆగింది.

ఇమాం సాబు గుండంలకెళ్లి విభూతి తీసి ఆయన నొసటికి రాసిండు.

"తీరిందా సాబూ?" అన్నడు అంతయ్య. "సుట్టు పూర్తి కాలే."

"తీరింది బిడ్డా. తీరింది. ఇంటికి పో."

గోపమ్మ ఒకదిక్కు, హన్మంతు ఒకదిక్కు పట్టుకొని నడిపిచ్చుకొచ్చిన్రు. హన్మంతు పోయినంక ఆమె నీళ్లు కాగబెట్టి ఒళ్లు కడిగింది. ఆయన కండ్లు మూసుకొని పండుకున్నడు. నిద్రపోయిండనుకుంది.

"ఏమే, నడిచేదాక అని ఎందుకన్ననో" అన్నడు. "పెద్దగయ్యేదాక అంటే నా నోరు పోవునా? పెండ్లయ్యేదాక అన్నా అయిపోయేది. అప్పుడు అంత అడుగుతె ఇయ్యడేమో అనిపించింది. కొంచమే అడిగిన."

ఆమె ఆయన కాళ్ల మీది మసి తుడుచుకుంట కూసున్నది.

మొక్కు తీరితే దగ్గు పోతదని ఆయన అనుకున్నడు. చలిల గంటలకొద్ది ఉత్త ఒంటితోని నిలబడ్డందుకో ఏమో, తెల్లారి జరం వచ్చింది. అది మళ్ల దిగలేదు. ఉగాది చూడకుండనే అంతయ్య పోయిండు. పీరు మన్నించలేదని ఊర్ల కొందరన్నరు, రాతిదుమ్ము తిన్నోడు ఎట్ల బతుకుతడని ఇంకొందరన్నరు. ఎవరన్నా ఎదురుపడి ఈ మాటెత్తితే గోపమ్మ తల అడ్డంగ ఊపకపోయేది, నిలువుగ ఊపకపోయేది. ఇని పోయేది.

తర్వాత ఏడు పీరీల పండుగ, సారమ్మ వాళ్ల కిస్మస్ పండుగ ఒక్కదగ్గరికే వచ్చినయ్. సారమ్మ వాళ్ల కిరస్తానం గుడికి పోతూ పటేలు ఆముదం చేను గట్టు మీద ఆగింది. కూలోళ్లందరూ పండుగని ఎల్లిపోయిన్రు. గోపమ్మ ఒక్కతే గెలలు కోస్తున్నది. ఊర్లకెళ్లి డప్పు ఇనబడుతున్నది.

"వదినె, పొద్దుగూకుతున్నది. మా ఇంటికన్న రా, ఇంత అన్నం తిందువు."

"ఈ సాలు అయినంక చూస్త" అన్నది గోపమ్మ.

ఆ సాలు చేను ఆ కొస దాక ఉన్నది. గోపమ్మ తల ఎత్తకుండ ఇంకో గెల కోసి గంపల ఏసుకున్నది.