గోల్‌కీపర్ తలకు నా కాలు తగిలిన కథ

ఆ రోజుల్లో నన్నెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "ఫార్వర్డ్" అని చెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళు అది ఏ కంపెనీలో ఉద్యోగమోనని కాసేపు ఆలోచించి, సరేలెమ్మని వెళ్ళిపోయేవాళ్ళు. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టడమే పనిగా ఉన్నవాణ్ణి అలా అంటారని ఎంతమందికని చెప్పేది? చదువు ప్లస్ టూ దగ్గర ఆగిపోయింది, గణితం అంతకు ముందే ఆగిపోయింది, చేతికి ఏ పనీ రాలేదు. వచ్చిన విద్య కాళ్ళకు మాత్రమే వచ్చింది. ఆ ఒక్క విద్యకూ మా అవ్వ అడ్డం పడిందని అప్పట్లో కుమిలి కుమిలి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాక ఆలోచిస్తే, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారో సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

మాది మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఒకటిన్నర గది ఇల్లు (ఆ అర గదిని మర్యాదకు వంటిల్లు అనేవాళ్ళం). మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చి దిగిన ఇల్లది. అప్పటినుంచి మనుషులు పెరిగారు గానీ గోడలు మాత్రం జరగలేదు. నాయన, అమ్మ, అవ్వ, అక్క, నేను, చూసిపోదామని వచ్చి పోవడం మరిచిపోయిన ఒక చిన్నాన్న, అందరం నేల మీదే కూర్చునేవాళ్ళం, నేల మీదే తినేవాళ్ళం, నేల మీదే పడుకునేవాళ్ళం. ఈ మూల నుంచి ఆ మూలనున్న మంచినీళ్ళ బిందె దాకా వెళ్ళాలంటే దారిలో కనీసం ముగ్గురికి కాలు తగలాల్సిందే. తగిలితే వంగి, తగిలినచోట చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవాలి. ఇది మీ ఇంట్లోనూ ఉండే పద్ధతే. కానీ మా అవ్వ దగ్గర దానికి మినహాయింపులు లేవు. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, చేటకు తగిలినా, ఎదురింటి పిల్లికి తగిలినా అద్దుకోవాల్సిందే. మరిచిపోతే ఆమె తిట్టేది కాదు, కొట్టేది కాదు. అన్నం పెట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోయే సమయానికి, "ఏందో మరిచిపోయినట్టుండావే అబ్బయా" అనేది, అంతే. ఆ ముద్ద ఇక గొంతు దిగేది కాదు. ఏడేళ్ళు వచ్చేసరికి నా కాలు ఎవరికి తగిలినా నన్నడక్కుండానే నా కుడిచెయ్యి వెళ్ళిపోయేది. నాకు మొదటి బంతి కొనిచ్చినప్పుడు కూడా అవ్వ దాన్ని ముందు కళ్ళకద్దుకోమంది. ఆ తర్వాత ఎంత తన్నినా తప్పు లేదట, దాని రాత అదేనట.

ఇక ఈ చెయ్యితో నేను లీగ్ ఆటల్లోకి వెళ్ళాను. మద్రాసు శివార్లలో మనలి వైపు ఫ్యాక్టరీల జట్లు ఆడే లీగ్ అది. గ్రౌండ్‌లో గడ్డి కంటే పొగ ఎక్కువగా ఉండేది. ఫుట్‌బాల్ అంటేనే కాలు తగలడం గదా! నిమిషానికొకసారి ఎవరి పిక్కకో, ఎవరి మోకాలికో నా కాలు తగిలేది. నేను ఆగి, వంగి, తాకి, అద్దుకునేవాణ్ణి. అది చూసి రెఫరీ, వీడే తప్పు ఒప్పుకుంటున్నాడని విజిల్ ఊది ఫౌల్ ఇచ్చేవాడు. నేను చేయని నేరాలన్నీ నా నెత్తినే పడేవి. మా కోచ్‌ను విజిల్ మాస్టర్ అనేవాళ్ళం (మెడలో విజిల్ లేకుండా ఆయన్ను వాళ్ళావిడ కూడా చూసి ఉండదు). ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. దొంగే వచ్చి దండం పెట్టి ఒప్పుకుంటే జడ్జి మాత్రం ఏం చేస్తాడురా అని తమిళంలో మొత్తుకునేవాడు. జట్టువాళ్ళు నాకు సామి అని పేరు పెట్టారు. అయినా నన్ను తీసెయ్యలేదు, ఎందుకంటే వంగని సమయాల్లో నేను గోల్స్ కొట్టేవాణ్ణి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం గొప్ప కోసమే రాస్తున్నాను.

ఇంట్లో పరిస్థితి వేరే. మా మామకు పెద్ద వీధిలో చీరల షాపు ఉండేది. అందులో గల్లా పెట్టె పక్కన ఒక స్టూలు నాకోసం ఖాళీగా పెట్టి ఉంచాడు. కనబడినప్పుడల్లా ఆ స్టూలు సంగతి ఎత్తేవాడు. నాయన ఏమీ అనేవాడు కాదు గానీ, ఆయన ఏమీ అనకపోవడంలో ఆ స్టూలు కనబడుతూనే ఉండేది. నాకు కలలో కూడా స్టూలే వచ్చేది. దాని మీద కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసుకుని, జీవితమంతా చీరలు మడత పెడుతున్నట్టు. ఇరవై మూడేళ్ళ వయసులో అంతగా ఇంక దేనికీ భయపడలేదు.

అలాంటి రోజుల్లో కోటు అన్న దేవుడిలా వచ్చాడు. మా వీధివాడే, ఆటగాళ్ళను ఊళ్ళకు పంపే ఏజెంటు. మద్రాసు ఎండలో మే నెలలో కూడా కోటు వేసుకునే మనిషిని మీరు నమ్ముతారా? నేను నమ్మాను. మాల్దీవుల్లో ఒక దీవి క్లబ్బుకు ఫార్వర్డ్ కావాలట. వెళ్ళాక ఒకే ఒక్క ఆట, వాళ్ళ జట్టే రెండుగా చీలి ఆడుతుంది, అందులో మెప్పిస్తే ఏడాదికి సంతకం, లేకపోతే తిరుగు విమానం. తిరుగు విమానం అంటే నాకు స్టూలు అని వినబడింది. బయలుదేరేటప్పుడు అవ్వ నా నుదుట విబూది పెట్టి, అంత దూరం పోతా ఉండావు, ఆడ ఎవరికీ కాలు తగలనీయొద్దు అని చెప్పింది. ఫార్వర్డుకు ఇచ్చే దీవెనేనా ఇది?

ఆ దీవిలో గ్రౌండ్‌కు ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా సముద్రమే. ఎదురు జట్టు గోల్‌లో ఉన్నవాడు క్లబ్బు పెద్ద గోల్‌కీపర్. ఆ ఆకారం చూడగానే మనసులో బీరువా అని పేరు పెట్టుకున్నాను. ఆట చివరికొచ్చింది. ఎవరికీ గోల్ లేదు. కుర్చీల్లో కమిటీ వాళ్ళు, వాళ్ళ వెనక కోటులో చెమటలు కక్కుతూ కోటు అన్న. అప్పుడు నాకు బంతి దొరికింది. ఇద్దర్ని తప్పించుకుని వెళ్ళాను. బీరువా నా కాళ్ళ మీదికి పడ్డాడు. బంతి అతని చేతుల్లోంచి జారి, ఖాళీ గోల్ ముందు, నాకు రెండడుగుల దూరంలో, తాంబూలంలో పెట్టిచ్చినట్టు ఆగింది. ఒక్క తోపు చాలు. చిన్నపిల్లవాడు కూడా వేస్తాడు. కానీ పడ్డప్పుడు నా బూటు అతని తలకు తగిలింది. తలకు! అవ్వ లెక్కలో తలకు కాలు తగలడం కంటే పెద్ద పాపం లేదు. రెఫరీ ఫౌల్ కాదని చేతులు చాచి ఆడండన్నాడు. నా చెయ్యి వినలేదు. వంగాను. బీరువా తల తాకాను. కళ్ళకద్దుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎవడో వచ్చి బంతిని తన్నిన తన్నుకు అది సముద్రంలో తేలుతోంది. నోటి దాకా వచ్చిన కూడు చేతులారా పారేసుకున్నాను.

గ్రౌండ్‌లో చాలాసేపు ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఆఖరికి కమిటీ పెద్దాయన కోటు అన్నను పిలిచి, ఈ అబ్బాయికి మూర్ఛ లాంటిదేమైనా ఉందా అని అడిగాడు. కోటు అన్న ఏం చెప్పాడో తెలియదు గానీ, చాలాసేపు చెప్పాడు, చేతులు పట్టుకున్నాడు, మొదటిసారిగా కోటు కూడా విప్పాడు. నెల రోజుల గడువిచ్చారు. ఆటకు వంక లేదు, ఆ వంగడం మానితే సంతకం, లేకపోతే లేదు. బయటికొచ్చి కోటు అన్న నా మొహంలోకి చూసి, ఎంతో నీరసంగా అన్నాడు. "ఒరే సామీ, ఆ చెయ్యిని ఇంట్లోనే పెట్టి రాకూడదారా?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాకు నెల రోజుల్లో పోవాలి. నాకు గురువుగా దొరికినవాడు, నమ్మండి నమ్మకపోండి, ఆ బీరువాయే. తల తాకి అద్దుకున్న రోజునుంచి అతనికి నేనంటే ఏదో ఇష్టం ఏర్పడింది. వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్ళం. రోజూ పొద్దున్నే ఇసుకలో అడ్డంగా పడుకుని నన్ను దాటిపొమ్మనేవాడు. కాలు తగిలించాలి, వంగకూడదు. వంగితే ఎండలో దీవి చుట్టూ ఒక పరుగు. ఆ దీవి చిన్నదే గానీ, మొదటి వారంలో నేను పరిగెత్తిన దూరానికి ఇంటికి నడిచి వెళ్ళిపోయి ఉండవచ్చు. తర్వాత నా కుడి పిడికిట్లో గది తాళంచెవి పెట్టి, పడేస్తే రాత్రికి బయటే పడుకోవాలన్నాడు. ఫోన్లో అవ్వ, అన్నం తింటా ఉండావా, ఎవరికన్నా కాలు తగిలిందా, అద్దుకున్నావా అని అడిగేది. అద్దుకున్నానవ్వా అనేవాణ్ణి, పిడికిట్లో తాళంచెవి బిగించి. ఆ దీవిలో ఒంటరిగా కూర్చుని, ఇంత చిన్న పని చేతకాని వెధవను నేనెందుకు పుట్టానా అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఆఖరి వారంలో ఒక పొద్దున బీరువా భుజానికి నా కాలు తగిలింది, నేను దాటుకుని పోయి గోల్ కొట్టాను, చెయ్యి కదల్లేదు. బీరువా లేచి చప్పట్లు కొట్టాడు. కొట్టాడే గానీ, మొహం మాత్రం జేబులో డబ్బులు పోయినవాడిలా పెట్టాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

సంతకం అయింది. దాన్ని ఏటికేడు పొడిగించారు, అక్కడ నేను ఫార్వర్డును. గోల్‌కీపర్ల మీదుగా, పడ్డవాళ్ళ మీదుగా, లేస్తున్నవాళ్ళ మీదుగా వెళ్ళి గోల్స్ కొట్టాను. వీధిలో మా నాయన నా ఫోటో పడ్డ పేపరు ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడట. మామ ఆ స్టూలు మీద ఫ్యాను పెట్టుకున్నాడట. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?

రెండో ఏడాది ఆటలు ముగిశాక ఇంటికొచ్చాను. అవ్వ తుంటి ఎముక విరిగి చాప మీదే ఉంది. మిట్టమధ్యాహ్నం, నా పెట్టెలతో ఆ ఒకటిన్నర గది ఇంకా సగమైపోయింది. ఫోనులో చార్జింగ్ లేదు, ప్లగ్గు ఆ మూల ఉంది. అటు వెళుతూ ఉంటే అవ్వ పాదానికి నా కాలు తగిలింది. దాటుకుని పోయి చార్జర్ పెట్టాను. వెనక్కి తిరిగితే అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి ఉంది. నాకింకా ఏమీ తట్టలేదు. అవ్వ నా వైపే చూస్తూ, కోపం లేకుండా, నిజంగా మెచ్చుకున్నట్టే అంది.

"ఆట బాగా నేర్చుకున్నావే అబ్బయా."

అప్పుడు తెలిసింది. పరిగెత్తుకొచ్చి వంగి ఆమె పాదం తాకబోయాను. ఆమె నెమ్మదిగా పాదం చీర కిందికి లాక్కుంది.

"ఇప్పుడు ఒద్దులే నాయనా. తెలిసి చేసేదానికేముంది, అందరూ చేస్తారు. తెలియకుండానే పొయ్యేది నీ చెయ్యి."

అన్నం పెట్టమని అమ్మతో చెప్పి అటు తిరిగి పడుకుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మూడో ఏడాది నేను దీవిలో ఉండగానే పోయింది. ఆ రోజు ఆట ఉందని ఇంట్లోవాళ్ళు సాయంత్రం దాకా నాకు చెప్పలేదు. ఆ ఆటలో నేను రెండు గోల్స్ కొట్టాను. నా ఆటలో నేను ఎవరికీ చెప్పుకోని గోల్స్ అవి రెండే.

తర్వాత కథ మీరు ఊహించగలరు. మోకాలు పోయింది, మోకాలితో పాటు సంతకం పోయింది. మామ ఫ్యాను దించి స్టూలు తుడిచి పెట్టాడు (మంచివాడు, ఒక్క మాటా అనలేదు). రెండేళ్ళు చీరలు మడత పెట్టాను. పిడికిలి బిగించడం అలవాటైన చేతికి పట్టుచీర మడత కుదరడం లేదని మామే ఒకరోజు దండం పెట్టి పంపేశాడు. ఇప్పుడు మద్రాసు శివారు షోళింగనల్లూరులో అద్దెకిచ్చే చిన్న గ్రౌండ్ ఒకటుంది, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి వేసింది. సాయంత్రాలు ఆఫీసుల నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తే ఆట నేర్పుతాను. మనిషి తక్కువైతే నేనూ ఒక జట్టులో నిలబడతాను. కుంటుతూనే ఆడతాను గానీ, ఇప్పటికీ గోల్ ముందు నన్ను ఆపడం కష్టమే. ఇది కూడా గొప్ప కోసమే రాస్తున్నాను.

పోయిన వారం అలాగే ఆడుతున్నాం. స్కోరు సమానం. ఎదురు జట్టు గోల్‌లో ఏదో కంపెనీ మేనేజరు, పొట్ట ఉన్న మనిషి, ఊపిరి అందక నా ముందు దభీమని పడ్డాడు. బంతి పక్కకు జారింది. గోల్ ఖాళీ. నా కాలు ఆయన తలకు తగిలింది.

నేను లేచి నిలబడేసరికి అవతలి వాళ్ళు బంతి తీసుకుపోయి మాకు గోల్ వేసేశారు. మా జట్టు పిల్లలు తలలు పట్టుకున్నారు. మేనేజరు పడుకున్నచోటే తల తడుముకుంటూ నన్ను వింతగా చూస్తున్నాడు. నా కుడిచెయ్యి ఇంకా కళ్ళ మీదే ఉంది. తడిగా కూడా ఉంది, చెమటేననుకోండి. ఒక పిల్లవాడు దగ్గరికొచ్చి, ఏంది సార్, చేతికొచ్చిన గోల్ వదిలేసి ఆయనకు దండం పెడతారా, కావాలనే చేశారా అని నిష్ఠూరంగా అడిగాడు.

"లేదురా, తెలియకుండానే పోయింది" అన్నాను. నాకు నవ్వొచ్చింది. అవ్వ వినేటట్టు ఇంకోసారి గట్టిగా చెప్పాను.