కొడుకు కంపెనీలో నా ఉద్యోగం

“నువ్వు మా కంపెనీలో మేనేజర్‌వి అమ్మా. అదొక్కటి చెప్పు చాలు.”

“ఏం మేనేజ్ చేశాన్రా? వంకాయలా?”

“జోకులు వద్దు. రేపు పొద్దున టాక్స్ ఆఫీసర్ కాల్ చేస్తుంది. బిల్లులు పంపాను, ఫోన్లు చూశాను అను. ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది, తెలుగులోనే చెప్పొచ్చు.”

“అబద్ధం తెలుగులో చెబితే నిజమవుతుందా?”

అమెరికాలో మేముండే ఈ కాపెల్ ఊళ్లో మావాడు పనిచేసేది ఒకే ఒక్క ఆఫీసుకు. నెల జీతం తీసుకోకుండా, ఒక కంపెనీ పెట్టుకుని దాని పేరున డబ్బు తెచ్చుకుంటాడు. అందులో ఒళ్లు వంచేది వాడొక్కడే. నాకు గ్రీన్ కార్డు వచ్చాక, ఆ డబ్బులో కొంత నా జీతమని రాయడం మొదలుపెట్టాడు. నాకు వేరే రాబడి లేదు కనుక నా పేరున పన్ను తక్కువ. ఆ జీతం పడే బ్యాంకు కార్డు మాత్రం వాడి జేబులోనే ఉండేది. ఎవరు కష్టపడితే వాళ్ల పేరునే పన్ను కట్టాలన్నది ఇక్కడి చట్టం. ఇన్నాళ్లకు టాక్స్ వాళ్లు అడిగారు.

“పెనాల్టీ వేస్తే ఇల్లు అమ్ముకోవాలి అత్తయ్యా,” అంది కోడలు.

“అమ్ముకోండి. ఇంత కొంప తుడవలేక నా నడుం పడిపోయింది.”

“మీ అబ్బాయి మీద ఇంత పగేమిటి?”

“పగెందుకమ్మాయ్? పోయిన ఆదివారం మీ స్నేహితులందరి ముందు వీడేమన్నాడు? ‘మా అమ్మకి పనేముంది, తినడం, సీరియల్స్ చూడడం’ అన్నాడు. నువ్వూ నవ్వావు. నేను వంటింట్లో మీ అందరికీ పెసరట్లు పోస్తున్నాను.”

“సరదాకన్నానమ్మా!”

“నేను సరదాకి అనను. నీ మాటే చెబుతాను.”

వాడు కాళ్లు పట్టుకున్నాడు. లాక్కున్నాను. ఏడవనిచ్చాను. దీపం ఊరికే వెలుగుతోందని ఆర్పేసి వెళ్లి పడుకున్నాను.

పొద్దున ఫోన్ వచ్చింది. కోడలు స్పీకర్ పెట్టింది. కంపెనీలో మీరేం పని చేశారమ్మా అని ఇంటర్‌ప్రెటర్ అడిగింది. ఏ పనీ చేయలేదన్నాను. మరి జీతం ఎవరు వాడుకున్నారంది. మా అబ్బాయి అన్నాను. కార్డు ఎవరి దగ్గరుందంది. వాడి జేబులోనే ఉందన్నాను.

ఫోన్ అయిపోయాక లేచి కాఫీ కలుపుకున్నాను. నా ఒక్కదానికే.